రిబ్బను పూలు తెచ్చిన పిల్ల



మా అమ్మ బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద, ఒక బైండు పుస్తకం ఉండేది. అట్ట మీద పేరు లేదు. లోపల ఉన్నదంతా ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ప్రేమ నవల. వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, దాచి, ఆఖరి భాగం వచ్చాక బజారులో బైండు చేయించుకుంది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఉండేవి. పేజీ తిప్పితే కథ వెనకాల తలనూనె ప్రకటనో, సగం తెగిన వంటల శీర్షికో కనబడేది. అమ్మ పుస్తకంలో ఇంకో విశేషం ఉంది. మధ్యలో రెండు వారాల భాగం అచ్చు కాగితం కాదు. రూళ్ల కాగితం మీద అమ్మ చేతిరాత. ఆ రెండు వారాలూ మా ఇంటికి పత్రిక రాలేదట. పక్కింటి పిన్నిగారు కథ చెబుతుంటే విని, రాసుకుని, మధ్యలో కుట్టేసింది.

చాలా ఏళ్ల తర్వాత ఆ నవల నాకు పుస్తకంగా దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కథ మారలేదు. అయితే అచ్చులో నాయకుడు కోప్పడితే నాయిక తల వంచుకుని వెళ్లిపోతుంది. అమ్మ రాసిన పేజీల్లో గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఒక మాట అనేసి మరీ వెళ్తుంది. ఆ మాట పిన్నిగారు చేర్చారో, అమ్మ చేర్చిందో ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ పని గురించే. అందరికీ తెలిసిన పాత ప్రేమ నవలను ఈ కాలం రచయిత మళ్లీ చేతిలోకి తీసుకుని తన కాలానికి, తన ఊరికి తగ్గట్టు తిరిగి చెప్పడం గురించి.

తిరిగి చెప్పడమంటే కొందరికి చిన్నచూపు. కొత్త కథ దొరకక పాతది తవ్వుకుంటున్నారంటారు. తెలుగువాళ్లం మనం ఆ మాట అనడానికి లేదు. మారన మార్కండేయ పురాణంలో క్లుప్తంగా సాగిపోయే వరూధిని ప్రవరుల కథను తీసుకునే కదా పెద్దన మనుచరిత్ర రాశాడు! హిమాలయం మీద మంచుకు కాలి లేపనం కరిగిపోయిన ఆ బ్రాహ్మణ యువకుడూ, అతని మీద మనసు పడి భంగపడ్డ ఆ అప్సరసా మనకు గుర్తున్నది పెద్దన చెప్పినట్టుగానే. మన కాలంలో ఓల్గా గారు సీతను తీసుకెళ్లి శూర్పణఖ ముందు, అహల్య ముందు కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలిసిన కథను మళ్లీ వినడం మనకు అలవాటైన సుఖం. ఈసారి ఎలా చెబుతాడో చూద్దామని కూర్చుంటాం.

ప్రపంచంలో ఎక్కువసార్లు తిరగరాయబడ్డ ప్రేమ నవలల్లో ముందు వరసలో ఉండేది జేన్ ఆస్టెన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. ఆస్టెన్ 1775 డిసెంబర్ 16న ఇంగ్లండులోని స్టీవెంటన్ అనే పల్లెలో ఒక చర్చి పూజారి ఇంట పుట్టింది. ఈ నవల మొదటి రూపాన్ని ఇరవై ఒకటో ఏటే రాసేసింది. తండ్రి ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే, ఆయన రాతప్రతి చూడను కూడా చూడకుండా వద్దన్నాడు. 1813 జనవరిలో అది పుస్తకమైంది. హక్కులు 110 పౌండ్లకు అమ్ముకుంది. అట్ట మీద ఆమె పేరు లేదు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రాసిన రచయిత్రి నవల అని మాత్రం వేశారు.

కథ మీలో చాలామందికి తెలుసు. బెన్నెట్ గారికి అయిదుగురు ఆడపిల్లలు. రెండో అమ్మాయి ఎలిజబెత్ మాటకారి, తెలివైనది. పొగరుబోతులా కనిపించే డార్సీ అనే ధనవంతుడు మొదటి చూపులోనే ఆమెను చిన్నబుచ్చుతాడు. తర్వాత ఆమెనే ప్రేమిస్తాడు. ఇద్దరూ తమ తప్పులు తెలుసుకుని ఒకటవుతారు. ఇలా చెబితే ఇందులో ఏముందనిపిస్తుంది. ఉన్నదంతా లెక్కల్లో ఉంది. బెన్నెట్ గారి రాబడి ఏడాదికి 2000 పౌండ్లు. డార్సీది 10000. బెన్నెట్ గారి ఇల్లూ పొలమూ మగ వారసుడికే చెందాలన్న కట్టుబాటు ఉంది. కొడుకు లేడు కాబట్టి ఆయన కన్ను మూసిన మర్నాడు కాలిన్స్ అనే దూరపు చుట్టం వచ్చి ఆ ఆడవాళ్లను వీధిలోకి నెట్టెయ్యొచ్చు. అందుకే ఆ తల్లి పెళ్లిళ్ల కోసం అంత హడావుడి పడుతుంది. చిన్నప్పుడు చదివినప్పుడు ఆవిడ మీద చిరాకు పడ్డాను. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మా మేనత్త ఇల్లు చూశాక మళ్లీ చదివాను. ఈసారి ఆవిడ మాటల కింద ఉన్న భయం వినబడింది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. ప్రేమకథలో ప్రేమ పెద్దగా మారదు. రెండు వందల ఏళ్ల క్రితమైనా, ఇప్పుడైనా గుండె కొట్టుకోవడం ఒకటే. మారేది అడ్డు. ఇద్దరి మధ్య నిలబడ్డ గోడ ఏ మట్టితో కట్టారు, ఎవరు కట్టారు అన్నది కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. తిరగరాసే రచయిత తన కాలంలో ఆ గోడ ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. గుర్రబ్బండి బదులు కారు, ఉత్తరం బదులు ఫోను పెడితే చాలదు.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ చెబుతాను. 2000లో రాజీవ్ మేనన్ తమిళంలో తీసిన ‘కండుకొండేన్ కండుకొండేన్’. మనకు ‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో తెలుగులో వచ్చింది. రెహమాన్ పాటల కోసం ఆ సినిమా చూసినవాళ్లే ఎక్కువ. దానికి మూలం 1811 నాటి ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. ఇంగ్లండులో తండ్రి పోగానే ఆస్తి మొదటి భార్య కొడుక్కి పోతుంది, ముగ్గురు కూతుళ్లూ తల్లీ ఇల్లు వదిలి వెళ్తారు. సినిమాలో తాతగారు పోతారు. ఏళ్ల తరబడి మంచం పక్కన ఉండి సేవ చేసిన కూతురికి ఏమీ మిగలదు. పాత వీలునామా ప్రకారం అంతా కొడుకుదే. ఆ లోగిలి వదిలి తల్లీ కూతుళ్లూ మద్రాసు చేరతారు.

ఈ సన్నివేశం మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లాడితో సమాన హక్కు ఇస్తూ మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. చట్టం వచ్చాక కూడా పుట్టింటి మీద హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టిన అక్కాచెల్లెళ్లు ఎంతమందో మీ ఇళ్లల్లోనే లెక్క చూసుకోవచ్చు. ఆస్టెన్ కథ మన దేశానికి ఇంత సులువుగా అతుక్కోవడానికి కారణం ఇదీ.

ఆ సినిమాలో నాకు మరీ నచ్చింది శ్రీకాంత్ పాత్ర. మూలంలో విలోబీ అనే అందగాడు రెండో అమ్మాయి మేరియన్ మనసు దోచి, అప్పులు మీద పడగానే 50000 పౌండ్ల ఆస్తి ఉన్న పిల్లను పెళ్లి చేసుకుంటాడు. సినిమాలో శ్రీకాంత్ ఫైనాన్స్ కంపెనీ నడుపుతాడు. జనం డిపాజిట్లు చేస్తారు, కంపెనీ మునుగుతుంది, గట్టెక్కడానికి మంత్రిగారి కూతుర్ని చేసుకుంటాడు. తొంభైల్లో మన ఊళ్లలో ఫైనాన్స్ కంపెనీలు ఒకటొకటిగా బోర్డు తిప్పేసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ మనిషి కొత్త కాదు. మూలంలో కల్నల్ బ్రాండన్ అనే పెద్దమనిషి తూర్పు దేశాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. సినిమాలో మేజర్ బాల శ్రీలంకలో భారత శాంతి సేనలో కాలు పోగొట్టుకున్నవాడు. ఇంటి పెద్ద కూతురు సౌమ్య సాఫ్ట్‌వేర్ కంపెనీలో చిన్న ఉద్యోగంలో చేరి పైకొస్తుంది. ఆస్టెన్ నాయికకు ఆ దారి లేదు. ఆమెకున్న ఒకే ఒక్క గట్టు పెళ్లి. 2000 నాటి అమ్మాయికి రెండో దారి తెరుచుకుంది కాబట్టి కథ ఊపిరి కూడా మారింది. తిరిగి చెప్పడమంటే ఇలా ఉండాలి.

ఇక ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సంగతి. పాకిస్తాన్‌లో పుట్టిన సోనియా కమాల్ దాన్ని 2019లో ‘అన్‌మ్యారేజబుల్’ అనే నవలగా తిరగరాసింది. పెళ్లికి పనికిరాని పిల్ల అని ఆ పేరుకి అర్థం. దిలీపాబాద్ అనే ఊహా పట్టణంలో ఎలిస్ బినాత్ ఆడపిల్లలకు ఇంగ్లిషు పాఠాలు చెబుతుంది. మొదటి అధ్యాయంలోనే ఒక తరగతి గది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదటి వాక్యాన్ని మీ మాటల్లో మార్చి రాయండని పిల్లలకు పని ఇస్తుంది టీచరు. వాళ్లలో కొందరికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఒక్కో పిల్ల లేచి చదువుతుంటే ఆ గదిలో నవ్వూ ఉంటుంది, గుబులూ ఉంటుంది. ఆస్టెన్ ఎలిజబెత్‌కు ఇరవై ఏళ్లు. ఎలిస్‌కు ముప్ఫై. పిల్ల ముదిరిపోయిందని జనం గుసగుసలాడే వయసు పదేళ్లు ముందుకు జరిగింది, గుసగుస మాత్రం అలాగే ఉంది. ఆ ఒక్క మార్పుతో రచయిత్రి చాలా చెప్పేసింది.

ఇబీ జొబాయ్ 2018లో అదే కథను తిరిగి చెబుతూ రాసిన ‘ప్రైడ్’ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరుగుతుంది. హైతీ, డొమినికన్ మూలాలున్న జూరీ అనే అమ్మాయి ఇంటి ఎదురుగా పాడుబడ్డ భవనాన్ని బాగుచేసుకుని డార్సీ కుటుంబం దిగుతుంది. వాళ్లూ నల్లవాళ్లే, అయితే డబ్బున్నవాళ్లు. డబ్బున్నవాళ్లు వచ్చేకొద్దీ అద్దెలు పెరిగి, తరాలుగా ఉన్న పేదవాళ్లు పేట వదిలిపోవలసి వస్తుంది. ఇక్కడ గోడ అదే. కెనడాలో ఉజ్మా జలాలుద్దీన్ అదే ఏడాది ‘అయేషా ఎట్ లాస్ట్’ రాసింది. అందులో నాయిక కుటుంబం మన హైదరాబాదు నుంచి టొరాంటో వెళ్లింది. తాతగారు మాటకు ముందు షేక్‌స్పియర్‌ను తలుచుకునే ఇంగ్లిషు మాస్టారు. నాయకుడు ఖాలిద్ గడ్డం, పొడుగు అంగీతో ఆఫీసుకు వెళ్తాడు. ఆ వేషం చూసి పై అధికారి అతని మీద కక్ష కడుతుంది. మూల నవల పేరులోని దురభిప్రాయమన్న మాట ఇక్కడ రెండు వైపులా పదునెక్కింది.

అన్నీ ఇలా కుదరవు. 2010లో ఢిల్లీ నేపథ్యంగా హిందీలో వచ్చిన ‘ఆయిషా’కు ఆస్టెన్ ‘ఎమ్మా’ మూలం. దుస్తులు, పార్టీలు బాగా చూపించారు. ఆ అమ్మాయి చేసిన తప్పుకు ఎవరి బతుకు ఎంత చెడుతుందన్నది మాత్రం మన మనసుకు తగలదు. మూలంలో ఎమ్మా నోరుజారి ఒక పేద పెళ్లికాని స్త్రీని నలుగురిలో అవమానించినప్పుడు చదివేవాళ్ల ముఖం కూడా వేడెక్కుతుంది. ఆ వేడి పోతే మిగిలేది బట్టలే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరైన పుస్తకానికి వస్తాను. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఒక చిన్న మాట ఉంది. డార్సీ స్నేహితుడు బింగ్లీ దిగిన నెదర్‌ఫీల్డ్ బంగళాలో నాట్యం విందు. దాని ముందు వరసగా వానలు. బయటికి కదలడానికి లేక బెన్నెట్ అమ్మాయిలు విసుగెత్తిపోయారు. విందుకు వేసుకునే చెప్పుల మీద అలంకరించే రిబ్బను పూలు కూడా వేరే మనిషి చేత తెప్పించుకోవలసి వచ్చిందని ఆస్టెన్ ఒక ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతుంది. రెండు వందల ఏళ్లు కోట్లమంది ఆ వాక్యం చదివారు. ఆ వానలో బజారుకు వెళ్లిందెవరని ఎవరూ అడగలేదు.

జో బేకర్ అనే ఇంగ్లిషు రచయిత్రి అడిగింది. ఆమె పూర్వీకుల్లో ఇళ్లల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. 2013లో, మూల నవలకు రెండు వందల ఏళ్లు నిండిన ఏడాదిలో, ‘లాంగ్‌బోర్న్’ వచ్చింది. బెన్నెట్ వాళ్ల ఊరి పేరే అది. ఇందులో ఎలిజబెత్, డార్సీ ఉంటారు గాని, పైఅంతస్తులో నడిచే అడుగుల చప్పుడులా ఉంటారు. కథంతా వంటగదిలో, బట్టలుతికే చోట, నూతి దగ్గర. నాయిక సారా అనే పనిపిల్ల. ఆస్టెన్ నవలలో సారా అన్న పేరు వినబడేది ఒకే ఒక్కచోట. పెద్దమ్మాయికి గౌను తొడగడానికి రమ్మని బెన్నెట్ గారి భార్య ఒక్క కేక వేస్తుంది. ఆ కేకలో ఉన్న పేరును బేకర్ పట్టుకుంది, దానికి చేతులిచ్చింది. ఆ చేతులు చలికి వాచిపోయి పగిలి ఉంటాయి. బట్టలుతికే క్షారం వాటిని ఇంకా కొరికేస్తుంది.

మూల నవల చదివినవాళ్లందరికీ నచ్చే దృశ్యం ఒకటుంది. జబ్బు పడ్డ అక్కను చూడ్డానికి ఎలిజబెత్ పొలాలకు అడ్డం పడి మూడు మైళ్లు నడిచి వెళ్తుంది. లంగా అంచు ఆరంగుళాల మేర బురద. బింగ్లీ అక్కచెల్లెళ్లు మూతి విరుస్తారు. ఆమె ధైర్యం చూసి మనం మురిసిపోతాం. నేనూ మురిసిపోయాను. ‘లాంగ్‌బోర్న్’ ఉతుకుడు రోజుతో మొదలవుతుంది. తెల్లవారకముందే లేచి నీళ్లు తోడి, కాచి, లంగా అంచుల బురద రుద్దుతున్న పిల్ల అనుకుంటుంది కదా, తన లంగా తనే ఉతుక్కోవలసి వస్తే చిన్నమ్మగారు ఇంకొంచెం చూసుకుని నడిచేదేమోనని. అది చదివాక ఆ బురద నాకు మునుపటిలా కనబడలేదు. ఎలిజబెత్ మీద ఇష్టం తగ్గిందా అంటే, లేదు. ఆమె వెనకాల ఇంకో మనిషి నిలబడి ఉందని తెలిసింది.

రిబ్బను పూల కోసం వానలో మెరిటన్ బజారుకు నడిచి వెళ్లింది సారానే. బేకర్ ఆ దారంతా మన చేత నడిపిస్తుంది. సారాకూ ప్రేమ ఉంది. జేమ్స్ అనే కొత్త పనివాడు వస్తాడు. అతను స్పెయిన్ యుద్ధం చూసినవాడు. ఆస్టెన్ పుస్తకంలో సైనికులంటే ఎర్రకోట్లు వేసుకుని విందుల్లో తిరిగే కుర్రాళ్లు. ఇక్కడ ఆ కోటు లోపలి కొరడా దెబ్బలు చూస్తాం. బింగ్లీల సొమ్ములో చక్కెర తోటల బానిసల చెమట ఉందని తెలుసుకుంటాం. ఇద్దరు పనివాళ్లు కలిసి బతకాలంటే ముందు వాళ్లకు తీరిక కావాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా గంట మోగితే పరుగెత్తే మనిషికి ప్రేమించడానికి వేళ ఎక్కడిది? వాళ్ల మధ్య గోడ అది. నేను చదివిన ప్రేమ నవలల్లో అంత నిజమైన అడ్డు ఇంకోటి గుర్తు రావడం లేదు.

పాత నవలలో నోరులేని మనిషి వైపు నుంచి ఇలా కథ చెప్పడానికి దారి వేసింది జీన్ రీస్. 1847 నాటి ‘జేన్ ఎయిర్’లో రోచెస్టర్ దొర మేడ మీది గదిలో పిచ్చి భార్యను దాచిపెడతాడు. ఆమె జమైకా నుంచి వచ్చింది. నవల నిండా ఆమె కేకలు, నవ్వులు వినబడతాయి గాని, ఒక్క మాట ఉండదు. కరీబియన్ దీవి డొమినికాలో పుట్టిన రీస్‌కు అది మింగుడు పడలేదు. 1966లో, తన డెబ్భై ఆరో ఏట, ‘వైడ్ సర్గాసో సీ’ వెలువరించింది. ఆ భార్య అసలు పేరు ఆంటొనెట్ అని, బర్తా అన్నది మొగుడు తగిలించిన పేరని మనకు చెప్పింది. ఆమె పేరు ఆమెకు తిరిగి ఇచ్చింది. ఆ ఇంగ్లిషు మొగుడికి మాత్రం పుస్తకం మొత్తం మీద ఎక్కడా పేరు పెట్టలేదు.

మరి మన సంగతి? మనకూ ఇలా తిరిగి చెప్పబడ్డ నవల ఒకటుంది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి ‘మీనా’. డబ్బు గర్వంతో ఇంటిని శాసించే తల్లి, నోరెత్తని తండ్రి, తల్లి లేని సమయం చూసి పల్లెలో చుట్టాలింటికి వెళ్లి అక్కడి అబ్బాయి మీద మనసు పడే కూతురు. 1973లో విజయనిర్మల గారు దాన్ని సినిమాగా తీశారు. తెలుగులో దర్శకురాలిగా ఆమెకు అది మొదటిది. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ వచ్చినప్పుడు మా తరం ఆడవాళ్లు ఇంటర్వెల్ కాకుండానే అయ్యో ఇది మన మీనా కదా అనుకున్నారు. సెల్‌ఫోన్లు వచ్చాయి, హైదరాబాదు మారిపోయింది. గోడ మాత్రం మార్చవలసిన అవసరం రాలేదు. బ్రూక్లిన్‌లోనూ టొరాంటోలోనూ రచయితలు వెతుక్కున్న అడ్డు మనకు నలభై ఏళ్ల తర్వాత కూడా ఉన్నచోటే ఉంది. పేద చుట్టాన్ని గుమ్మం బయట నిలబెట్టే డబ్బు. అది నాకు సంతోషం కలిగించే విషయం కాదు.

యద్దనపూడి గారి నవలలు చదివి పెరిగినదాన్ని. ఆ బంగళాలు, పడవల్లాంటి కార్లు, ఆరడుగుల నాయకులు నాకూ కలల్లో వచ్చారు. ఇప్పుడు మళ్లీ తెరిస్తే నా చూపు వేరేవైపు పోతోంది. ఆ కార్లు పొద్దున్నే తుడిచిందెవరు? ఆ మేడలో నాయికకు రాత్రి పదకొండింటికి వేడి పాలు తెచ్చిన ఆవిడ ఎన్నింటికి పడుకుంది? ఆమె కూతుర్ని ఎవరు ప్రేమించారు? ఆ డబ్బు గర్వం ఉన్న తల్లి పద్దెనిమిదేళ్ల వయసులో ఎలా ఉండేది, ఎవరి కొంగు చాటున ఏడ్చింది? ఈ కథలు తెలుగులో ఇంకా రావాలి.

వింటున్న వాళ్లల్లో రాసే అలవాటున్న పిల్లలు ఉంటే వాళ్లకు నా మనవి. అమ్మమ్మగారి పెట్టెలోంచి ఆ పాత నవల ఒకటి బయటికి తీయండి. అందులో పేరు లేని మనిషి ఎవరో చూడండి. నోటుపుస్తకం తెచ్చుకుని ముందు ఆ మనిషికి ఒక పేరు పెట్టండి.